ఒకరి కథ మరొకరి గొంతులో

(ధ్వనిముద్రణ నుంచి రాసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఇంత ఎండలో వచ్చి కూర్చున్న మిత్రులకు, వెనుక వరసల్లో నిలబడి వింటున్న విద్యార్థులకు నా నమస్కారాలు. లోపల ఇంకా కొన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, దయచేసి ముందుకు రండి.

భారతీయ సమాజంలోని వైవిధ్యాన్ని చూపే కథల గురించి, ఆ కథలకు ఒకదానితో ఒకటి ఉన్న ముడి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అంశం చాలా పెద్దది. దేశం నలుమూలల నుంచి తలా ఒక కథ ఏరి తెచ్చి మీ ముందు వరుసగా పెట్టడం నాకు ఇష్టం లేదు. అట్లా పెడితే అవి పక్కపక్కన ఉన్నట్టు కనిపిస్తాయే తప్ప ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉన్నట్టు కనిపించవు. అందుకని నేను మనకు దగ్గరగా ఉన్న ఒక కథా ప్రపంచాన్ని, అంటే తెలంగాణలో ఇప్పటికీ ప్రాణంతో ఉన్న కుల పురాణాలనూ వాటి చుట్టూ అల్లుకున్న వీరగాథలనూ తీసుకుంటాను. వాటి విషయంలో నన్ను చాలాకాలంగా పట్టి ఉంచిన ప్రశ్న ఒక్కటే. ఎవరి కథను ఎవరు చెబుతున్నారు? మళ్లీ అడుగుతాను, ఎందుకంటే ఈ గంటసేపూ మనం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాం. ఎవరి కథను ఎవరు చెబుతున్నారు?

సిద్దిపేట జిల్లాలోని కొమురవెల్లి నుంచి మొదలుపెడదాం. ఇక్కడున్నవారిలో చాలామంది ఆ గుట్ట ఎక్కినవారే అయి ఉంటారు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో అక్కడ జరిగే జాతరను చూసినవారే అయి ఉంటారు. మల్లన్న పక్కన ఎవరున్నారు? ఒకవైపు బలిజ మేడలమ్మ, మరోవైపు గొల్ల కేతమ్మ. దేవుడికి ఇద్దరు భార్యలుండటం మన దగ్గర వింత కాదు. అయితే ఆ ఇద్దరినీ జనం కులం పేరుతో కలిపి పిలవడాన్ని గమనించండి. ఒకరు వర్తకుల ఇంటి ఆడబిడ్డ, మరొకరు గొర్ల మంద వెంట నడిచిన ఆడబిడ్డ. ఒకరిది అంగడి, మరొకరిది అడవి. ఆ రెండు లోకాలకూ మల్లన్న అల్లుడు. అల్లుడంటే మన పల్లెల్లో ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. అతని మీద రెండు పుట్టిళ్లకూ హక్కుంటుంది, రెండు ఇళ్లలోనూ అతనికి మర్యాద జరగాలి.

పూజ కూడా అట్లాగే రెండు చేతుల్లో ఉంది. గర్భగుడిలో వీరశైవ అర్చకులు ఉంటారు. బయట మండపంలో, గంగరేగు చెట్టు దగ్గర, సత్రాల ముంగిళ్లలో మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారులు పట్నాలు, అంటే రంగుపొడుల ముగ్గులు వేస్తారు. పట్నం వేయడాన్ని దగ్గర కూర్చుని చూడాలి. నేల అలికి, పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండబెట్టి నూరిన ఆకుల పొడి గిన్నెల్లో పెట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పొడి పట్టి సన్నటి ధారగా జారవిడుస్తూ గీతలు గీస్తారు. చేయి వణకదు. ఒక గీత మీద మరో గీత వచ్చే చోట రంగు కలవదు. మహాశివరాత్రి రాత్రి వేసే పెద్దపట్నానికి గంటల తరబడి శ్రమ పడతారు. ఆ తరువాత పట్నం తొక్కుతారు, కొద్దిసేపట్లో అది నేలలో కలిసిపోతుంది. వేసేవారికి ఆ సంగతి తెలుసు, చూసేవారికీ తెలుసు. అయినా ఒక్క గీత కూడా నిర్లక్ష్యంగా పడదు.

ఇప్పుడు కొద్దిగా దూరం వెళ్దాం. మహారాష్ట్రలో పుణె దగ్గర జేజురి అనే కొండ ఉంది. అక్కడి దేవుడు ఖండోబా, మల్లన్నకు అక్కడి రూపం. అక్కడా పసుపే, కొండ మెట్లన్నీ పసుపే. అక్కడా ఇద్దరు ప్రధాన భార్యలు. మ్హాళ్సా లింగాయతు వర్తకుల ఇంటి ఆడపడుచు. బాణాయి ధన్‌గర్ల ఆడపడుచు, అంటే గొర్ల కాపరుల బిడ్డ. కథ అక్కడితో ఆగలేదు. దర్జీల ఇంటి నుంచి ఒకరు, తోటమాలుల ఇంటి నుంచి ఒకరు, గానుగ ఆడించే తేలీల ఇంటి నుంచి ఒకరు, ఇట్లా మరికొందరు భార్యలు ఆ దేవుడి కథలోకి వచ్చారు. అంతేకాదు, ముస్లింలలోనూ ఆయనను మల్లూఖాన్ అనే పేరుతో కొలిచేవారున్నారు. కర్ణాటకలో మైలార లింగడుగా ఆయనే కనిపిస్తాడు, అక్కడ కురుబలు ఆయనకు ప్రధాన భక్తులు. ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకున్న గొరవయ్య అనే భక్తుడు విల్లు ఎక్కి చెప్పే కార్ణిక మాట, అంటే భవిష్యవాణి కోసం జనం వేల సంఖ్యలో గుమిగూడతారు.

ఎందుకిట్లా మూడు భాషల్లో ఒకే కథ నడిచింది? దక్కను పీఠభూమి మీద వానలు తక్కువ, గడ్డి ఒక్కచోట ఏడాది పొడవునా దొరకదు, మందలు కదులుతూ ఉండాలి. మంద వెంట మనిషి, మనిషి వెంట దేవుడు, దేవుడి వెంట కథ. ఉన్ని, కంబళి, మేక, గొర్రె అమ్ముకోవడానికి కాపరికి అంగడి కావాలి. అంగడివాడికి కాపరి సరుకు కావాలి. ఇద్దరికీ పొత్తు కుదరాలి, ఆ పొత్తును దేవుడి పెళ్లిగా చెప్పుకున్నారని నా అభిప్రాయం. రాజ్యాల హద్దులు మారాయి, భాషల హద్దులు గీశారు. ఆ పెళ్లి కథ మాత్రం మూడు చోట్లా చెక్కుచెదరలేదు.

ఇది ఎంత పాత సంగతి అని విద్యార్థులు అడుగుతారు. సుమారు 600 ఏళ్ల కిందటి క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో తిరిగే మైలార దేవుడి వీరభటులు కనిపిస్తారు. అదే కావ్యంలో ఏకవీరాదేవి ఎదుట నిలబడి పరశురాముడి కథలు పాడే బవనీడు కూడా కనిపిస్తాడు. ఆ బవనీల వారసులు, మనం బైండ్లవారని పిలిచేవారు, ఇప్పటికీ జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ ముందు ఆ కథే చెబుతున్నారు. కావ్యాన్ని మనం గ్రంథాలయంలో భద్రంగా దాచుకున్నాం, ఆ గొంతును మాత్రం పట్టించుకోలేదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. తెలంగాణలో దాదాపు ప్రతి వృత్తి కులానికీ ఒక పురాణం ఉంది. పద్మశాలీలకు మార్కండేయుడు, భావనారుషి కథ ఉంది. గౌడులకు గౌడ పురాణం ఉంది. చాకలివారికి మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం, ముదిరాజులకు పాండవుల కథ, గొల్లలకు కాటమరాజు కథ ఉన్నాయి. ఈ పట్టిక ఇంకా పొడుగు చేయవచ్చు, కాని చేయను. నేను చూడమనేది మరో వైపు. పద్మశాలీల పురాణాన్ని పద్మశాలీలు చెప్పరు, కూనపులివారు వచ్చి చెబుతారు. ముదిరాజుల ముందు పాండవుల కథను కాకిపడగలవారు చెబుతారు. మంగలివారి పురాణాన్ని అద్దపుసింగువారు చెబుతారు. గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు, చిందువారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు కథ చెబుతారు. వినే కులాన్ని పోషక కులమనీ, చెప్పే కులాన్ని ఆశ్రిత కులమనీ పరిశోధకులు అంటారు. ఒగ్గువారి సంగతి కొంత వేరు. వారు ఎక్కువగా కురుమల్లోంచి, గొల్లల్లోంచి వచ్చి దీక్ష తీసుకున్నవారే. అయితే వారి కథను ఊళ్లోని చాలా కులాలవారు తమ ఇళ్లలో చెప్పించుకుంటారు. గౌడుల ఇంట్లో ఎల్లమ్మ కొలువుకు వారే వెళతారు.

అంటే ఏమిటి? ఒక కులానికి తాను ఎక్కడి నుంచి వచ్చిందో, తన గోత్రాలేమిటో, తన మూలపురుషుడు ఎవరో చెప్పే అధికారం ఆ కులం చేతిలో లేదు. అది మరో కులం నోట్లో ఉంది. కథకుడు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వస్తాడు, ఇంటి పేర్లు చదువుతాడు, ఆ ఊళ్లో ఆ కులపు తాతముత్తాతలను తలుచుకుంటాడు, కథ చెప్పి తనకు రావలసిన త్యాగం, అంటే కథకు ప్రతిఫలం తీసుకుని వెళతాడు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలో మిరాశీ హక్కుగా పంచుకుని ఉంటారు. ఒకరి మిరాశీ ఊరికి మరొకరు వెళ్లరు. పోషక కులంవారు త్యాగం ఇవ్వకపోతే కథకుడు ఊరు విడిచి వెళ్లడు, నిలదీస్తాడు. ఇది భిక్ష అని చాలామంది అనుకుంటారు. కాదు, భిక్ష కానే కాదు. ఇది హక్కు. దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కథకులను యాచకుల జాబితాలో వేసిన పాపం మన చదువుకున్నవారిదే.

కథకుడి వెంట పటం వస్తుంది. చేర్యాల పటం పేరు మీరు విన్నారు, ఇప్పుడు బహుమతుల దుకాణాల్లో చిన్న ముక్కలుగా దొరుకుతోంది. అసలు పటం ఎట్లా ఉంటుందో చెబుతాను. చేనేత బట్ట తీసుకుంటారు. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి దాని మీద పూతలు పూస్తారు. ఒక పూత ఆరాక మరొకటి పూసి, బట్ట గట్టిపడి నునుపు తేలేదాకా పని చేస్తారు. దాని మీద ఎర్రటి నేల రంగు, ఆ ఎరుపు మీద పసుపు, నీలం, తెలుపు రంగుల్లో బొమ్మలు వేస్తారు. వెడల్పు సుమారు 3 అడుగులు, పొడవు 40 నుంచి 60 అడుగులు. పై నుంచి కిందికి అరలు అరలుగా కథ సాగుతుంది, అరకూ అరకూ మధ్య పూల అంచు ఉంటుంది. మొదటి అరలో వినాయకుడు. రాత్రి ఊరి నడుమ రెండు గుంజలు పాతి, పటం కట్టి, కథకుడు పుల్లతో బొమ్మను చూపుతూ చెబుతుంటే చుట్టను కొద్దికొద్దిగా విప్పుతారు. రాబోయే బొమ్మ ఏదో పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియదు. పటం పాతబడి చిరిగిపోతే దాన్ని మూలన పడేయరు, శాస్త్రోక్తంగా నదిలో కలుపుతారు.

ఆ ఒక్క పటం మీద ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టండి. బట్ట నేసింది నేతగాడు. బొమ్మ వేసింది నకాషీ. కథ చెప్పేది ఆశ్రిత కులంవాడు. ఖర్చు పెట్టి చేయించి వినేది పోషక కులంవాడు. మాదిగల జాంబ పురాణం వేసేది సాలెవారు నేసిన బట్ట మీద. చాకలివారి మడేలయ్య బొమ్మకూ, సాలెవారి భావనారుషి బొమ్మకూ రంగులు నూరే చేయి ఒక్కటే. ఇద్దరి కథలూ ఆ నకాషీ ఇంట్లో ఒకే వసారాలో ఆరతాయి. గొల్లల కథకు మందహెచ్చులవారు పెట్టే బొమ్మలు కూడా ఆ నకాషీల పనే.

కథల లోపలికి వెళ్దాం. అక్కడ ఇంకా ఆశ్చర్యమైన సంగతి ఉంది. ప్రతి పురాణమూ సృష్టి మొదటి నుంచి మొదలవుతుంది, ప్రతి పురాణంలోనూ ఆ కులం లేకపోతే లోకం నడవదు. దేవతలకు మానం కాపాడే బట్ట కావలసి వచ్చినప్పుడు భావనారుషి పుట్టి, తామరతూడు నారతో బట్ట నేసి ఇచ్చాడు. దక్షయజ్ఞ ధ్వంసంలో బట్టలు నెత్తురుతో తడిసినప్పుడు వాటిని ఉతకడానికి మడేలయ్య పుట్టాడు. వీరందరికంటే ముందు, భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే, ఆది జాంబవంతుడు పుట్టాడు. మరి ఇందులో ఎవరు ముందు? ఎవరు పెద్ద? ఊళ్లో ఈ ప్రశ్నకు తీర్పు చెప్పినవారు లేరు. అదే ఊళ్లో ఒక నెల ఒక వాడలో ఒక కథ, మరో నెల మరో వాడలో మరో కథ జరుగుతాయి. వినడానికి పక్క వాడవారు కూడా వచ్చి దూరంగా కూర్చుంటారు. అన్ని కథలూ అందరి చెవినా పడ్డాయి. ఏ కథా మరో కథను రద్దు చేయలేదు.

పాత్రలు కూడా ఒక కథలోంచి మరో కథలోకి నడుస్తాయి. మన పెళ్లిళ్లలో పురోహితుడు వధూవరులను బయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు వేలు చూపి అరుంధతీ నక్షత్రాన్ని చూడమంటాడు. మీలో పెళ్లయినవారందరూ చూశారు, కనిపించకపోయినా కనిపించిందన్నారు. ఆ అరుంధతి ఎవరు? వశిష్ఠుడి భార్య అని ఒక కథ చెబుతుంది. జాంబవంతుడి బిడ్డ, మాదిగల ఆడపడుచు అని జాంబ పురాణం చెబుతుంది. కోస్తాలో ఎంతోమంది మాదిగలు తమను అరుంధతీయులని చెప్పుకునేది అందుకే. అగ్రహారంలో జరిగే పెళ్లిలోనూ పాతివ్రత్యానికి సాక్షిగా నిలిచేది, ఆ అగ్రహారంలోకి రానివ్వని వాడ నుంచి వెళ్లిన ఆడబిడ్డ. ఈ రెండు కథలనూ కలిపి వింటే తప్ప ఆ వేలు దేన్ని చూపుతోందో మనకు పూర్తిగా తెలియదు.

రేణుక కథ చూడండి. జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు తల్లిని నరకడానికి బయలుదేరతాడు. ఆ తల్లి పరుగెత్తి ఎక్కడ దాక్కుంది? ఋషుల ఆశ్రమాల్లో కాదు. మాదిగవారి ఇంట్లో, తోళ్లు నానబెట్టే లందలో దాక్కుంది. కొన్ని చోట్ల చెప్పే కథలో ఆమెకు అడ్డొచ్చిన మాదిగ స్త్రీ తల కూడా తెగిపడుతుంది. తిరిగి బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. ఒకరి తల, మరొకరి మొండెం. ఎల్లమ్మగా ఊరూరా పూజలందుకునే తల్లి ఆమే. చెప్పండి, ఆ దేవతది ఏ కులం? ఈ ప్రశ్న నేను అడగడం లేదు, ఆ కథే అడుగుతోంది. వందల ఏళ్లుగా ఊరి నడుమ నిలబడి అడుగుతోంది.

ఇంతవరకూ విని, పాత పల్లె ఎంత సామరస్యంగా ఉండేదో అని మీరు అనుకుంటే నేను తప్పు చెప్పినట్టు అవుతుంది. సామరస్యం కాదు ఇది. ఊరికి బయట మాదిగవాడ ఉండేది, ఆ వాడకు బయట డక్కలివారు దిగేవారు. వెలికి వెలి. కథ చెప్పినవారికి దండం పెట్టినవారే కథ ముగిశాక వారిని ముట్టుకునేవారు కాదు. ఎల్లమ్మ పేరుతోనే ఆడపిల్లలను దేవతకు అంకితమిచ్చి జోగినులుగా మార్చారు. దాన్ని నేరంగా చేస్తూ 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం తేవలసి వచ్చింది. ఈ నిజాన్ని పక్కన పెట్టి కళను మాత్రం మెచ్చుకోవడం నాకు చేతకాదు, చేయకూడదు కూడా. కాని ఈ నిజం ఆ కథల్లోనే ఉంది, అది మనం గమనించాలి. చిందువారు జాంబ పురాణం ఆడేటప్పుడు జాంబవంతుడికీ బ్రాహ్మణుడికీ మధ్య వాదం నడుస్తుంది. బ్రాహ్మణుడు అడుగుతాడు, జాంబవంతుడు జవాబు చెబుతాడు, మళ్లీ ఎదురు ప్రశ్న వేస్తాడు. పుట్టుక గురించి, అంటు గురించి, ఎవరు ఎవరికంటే ముందు అనే దాని గురించి, ఊరి పెద్దలు వింటుండగానే ఆ వాదం జరుగుతుంది. పగలు ఎదురుగా నిలబడి ఒక్క మాట అనలేని మనిషి, రాత్రి కిరీటం పెట్టుకుని ఆ మాట అనగలిగాడు. నిజామాబాద్ ప్రాంతంలో చిందు ఎల్లమ్మ గారు స్త్రీ పాత్రలనూ పురుష పాత్రలనూ సమానమైన అధికారంతో జీవితాంతం ఆడారు. 2005లో ఆమె కన్నుమూశారు. ఆమె వేదిక ఎక్కితే ఊరంతా కదిలి వచ్చేదని చూసినవారు ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు ఒక యుద్ధం గురించి చెబుతాను, కొద్దిగా నిదానంగా వినండి. 13వ శతాబ్దం. కరవు వచ్చింది. కాటమరాజు తన ఆలమందలను తోలుకుని నెల్లూరు రాజు ఏలుబడిలోని పచ్చిక బయళ్లకు వెళ్లాడు. గడ్డి మేపుకోవడానికి పుల్లరి కట్టాలని ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం చెడింది. ఎందుకు చెడిందో గొల్లల కథ వివరంగా చెబుతుంది. రాజు ప్రియురాలి చిలుకను పసులకాపరులు బాణం వేసి చంపడం, ఆమె పగబట్టి ఆవులను చంపించడం, ఆవులు చచ్చాక పుల్లరి కట్టేది లేదని కాటమరాజు తేల్చి చెప్పడం, అన్నీ అందులో ఉన్నాయి. పాలేరు ఒడ్డున యుద్ధం జరిగింది. కాటమరాజు పక్షాన గొల్లలే కాదు, బీరినీడు అనే మాదిగ వీరుడు కూడా పోరాడాడు. ఈ కథ మందహెచ్చులవారి నోట ఉంది.

అదే యుద్ధానికి రెండో కథ ఉంది. దాన్ని మీలో చాలామంది బడిలో చదివారు. నెల్లూరు రాజు పక్షాన వెళ్లిన ఖడ్గతిక్కన, మహాభారతం రాసిన తిక్కన సోమయాజి దాయాది, ఓడి వెనక్కి వచ్చాడు. భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద ఉంచింది. తల్లి ప్రోలమ్మ అన్నంలో విరిగిన పాలు పోసింది. పాలు విరిగాయేమిటని అడిగితే, నువ్వూ విరిగావు, పాలూ విరిగాయని చెప్పింది. తిక్కన సిగ్గుపడి తిరిగి రణానికి వెళ్లి ప్రాణం వదిలాడు. ఈ చాటు పద్యాలు పండిత కుటుంబాల్లో వీరమాతల గాథగా నిలిచాయి.

ఒక్కటే యుద్ధం, రెండు కథలు. ఒక కథలో పోరు గడ్డి కోసం, ఆవుల కోసం, మాట తప్పిన రాజు మీద. మరో కథలో పోరుకు కారణమేమిటో దాదాపు వినిపించదు, మగవాడి పరువు ఒక్కటే వినిపిస్తుంది. బడిలో మనకు రెండోది మాత్రమే చెప్పారు. ఎందుకు? పాఠం రాసినవారి ఇంట్లో ఆ కథే ఉంది కనుక. విరిగిన పాలు ఏ ఆవులవి, ఆ ఆవులు ఏ గడ్డి మేశాయి, ఆ గడ్డికి పన్ను ఎవరు వేశారు అని అడగాలంటే మందహెచ్చులవారి దగ్గరికి వెళ్లాలి. పిల్లలకు రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెప్పండి అని ఇక్కడున్న ఉపాధ్యాయులను కోరుతున్నాను. తిక్కన వీరత్వానికి లోటు రాదు. కాటమరాజు వైపు న్యాయం కూడా పిల్లలకు తెలుస్తుంది.

పల్నాడు సంగతి క్లుప్తంగా చెబుతాను, అది మీకు బాగా తెలిసినదే. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన చాపకూడు, మాల కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనకు నాయకుడిని చేయడం, ఇవన్నీ విన్నారు. కారంపూడిలో కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరిగేటప్పుడు ఆ గాథ పాడే హక్కు ఎవరిదో కూడా తెలుసుకోండి. వీరవిద్యావంతులది, వారు మాలలు. వెలమ నాయకుడి కథ మాలల గొంతులో ఉంది. మళ్లీ అదే ప్రశ్న, ఎవరి కథను ఎవరు చెబుతున్నారు?

కులాల మాట ఇంతసేపు చెప్పాను, మతం సంగతీ అంతే. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ నాడు కర్బలా కథను తెలుగు పాటలుగా పాడేవారిలో, అలావు అనే నిప్పుల గుండం చుట్టూ ఆడేవారిలో హిందువులు ఎందరున్నారో మీ ఊళ్లలో మీరే చూశారు. ఎక్కడో యూఫ్రటీస్ ఒడ్డున నీళ్లు దొరకక మరణించినవారి దుఃఖాన్ని మన రైతులు సొంత ఇంటి దుఃఖంగా పాడారు. ఆదిలాబాద్ వైపు వెళితే గోండుల వంశ కథలను గోండులు కాక పర్ధానులు, తోటివారు కిక్రి వాయిస్తూ చెబుతారు. కేస్లాపూర్ నాగోబాకు మెస్రం వంశీయులు గోదావరి నీళ్లు తెచ్చి అభిషేకం చేసే ఆచారం ఉంది. ఆ పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. అడవిలోని దేవుడి పూజకు కూడా మైదానంలోని కుమ్మరి సారె తిరగాలి.

ఇప్పటి పరిస్థితి చెప్పి ముగిస్తాను. గుర్తింపు కొంత వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో ఇచ్చారు. ఒగ్గుకథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్య గారు 2017లో మనల్ని వదిలి వెళ్లారు. గౌరవాలు మంచివే, నేను సంతోషించాను. కాని గౌరవం ఒక్క మనిషికి వస్తుంది, మిరాశీ మొత్తం కుటుంబానిది. పోషక కులాలు ఊళ్లు వదిలిపెట్టాయి. పద్మశాలీలు సోలాపూర్, భివండీ, సూరత్ వెళ్లిపోయారు. సోలాపూర్‌లో మార్కండేయుడి రథం ఇప్పటికీ శ్రావణ పూర్ణిమకు ఘనంగా సాగుతుంది. ఆ రథం వెంట నడిచే పిల్లల్లో ఎంతమంది కూనపులివారి నోట ఆ కథ విన్నారు? వినేవారు దూరమైతే చెప్పేవారు ఎక్కడికి వెళ్లాలి? కథకుల పిల్లలు హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనుల్లో కనిపిస్తున్నారు. 50 అడుగుల పటం వేయించే స్తోమత కథకుడికి లేదు. నకాషీ కుటుంబాలు గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు, ముఖాలు చేసి బతుకుతున్నాయి. వారిని తప్పు పట్టే హక్కు మనకు లేదు.

మనం రికార్డు చేసే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. కళాకారుడిని నగరానికి పిలిచి, వేదిక మీద ఇరవై నిమిషాలు ఇచ్చి, చిత్రీకరించి, భద్రపరిచామని అనుకుంటున్నాం. దాంతో ఏమీ మిగలదు. ఆ కథ రాత్రుల తరబడి సాగేది. ఇంటి పేర్లు చదివే ఘట్టం ఉంటుంది, త్యాగం అడిగే ఘట్టం ఉంటుంది, వినేవారు మధ్యలో అడ్డుపడి ప్రశ్నించే ఘట్టం ఉంటుంది. పోషక కులంవారు ఎదురుగా లేకపోతే అవేవీ రావు. కథకుడు తన మిరాశీ ఊళ్లో, తన కథ వినవలసినవారి ముందు, మొదటి అర నుంచి చివరి అర దాకా చెబుతుండగా రికార్డు చేయాలి. ఖర్చవుతుంది, నిజమే. ఆ కథకులకు వారి లెక్క ప్రకారం త్యాగం చెల్లించాలి, బస్సు చార్జీలు ఇచ్చి శాలువా కప్పితే సరిపోదు. ఒక కులానికి చెందిన కథను మాత్రమే రికార్డు చేసి ఊరుకోవడం కూడా సరికాదు. ఒకే ఊరిని తీసుకుని ఆ ఊళ్లో చెప్పే అన్ని కథలనూ రికార్డు చేస్తే, అరుంధతి రెండు కథల్లోనూ ఎక్కడెక్కడ కనిపిస్తుందో, ఎల్లమ్మ ఎన్ని ఇళ్లకు వెళుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద సంస్థ కోసం ఎదురుచూడనక్కర్లేదు. విద్యార్థులకు చెబుతున్నాను, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో పెద్దవారిని నాలుగు విషయాలు అడగండి. మన కులం కథ చెప్పడానికి ఎవరు వచ్చేవారు, ఏ ఊరి నుంచి వచ్చేవారు, చివరిసారి ఎప్పుడు వచ్చారు, మన ఇంటి నుంచి వారికి ఏమి ఇచ్చేవారు. కథ చెప్పే కులాల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ ఉంటే, మీ తాతగారికి ఏయే ఊళ్ల మీద మిరాశీ ఉండేదో ఆ ఊళ్ల పేర్లు రాసుకుని రండి. మిరాశీ హక్కులు రాసి ఉన్న రాగిరేకులు, పాత పటాలు ఇంట్లో ఉంటే వాటిని ఎవరికీ అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి, ఫోటో తీసి తెస్తే చాలు. ద్వారం దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంచాం, అందులో మీ ఊరు, మండలం, కథకుల ఊరు రాయండి. వచ్చే నెల మళ్లీ కలిసినప్పుడు ఆ ఊళ్లను మ్యాపు మీద గుర్తించి, ముందుగా ఏ ఊరికి వెళ్లాలో అందరం కూర్చుని నిర్ణయిద్దాం. నమస్కారం.